పిత్తాశయంలో రాళ్లు: ఆపరేషన్ ఎప్పుడు అవసరం, తరువాత కోలుకోవడం ఎలా?

నీలికలువ:
సభ్యులందరికీ నమస్కారం. కొంతకాలంగా భోజనం చేసిన గంట, రెండు గంటల తరువాత, ఎక్కువగా రాత్రివేళ, పైపొట్టలో కుడివైపు గట్టిగా పట్టేసినట్టు నొప్పి మొదలై కుడి భుజం వెనుక రెక్క ఎముక వరకు పాకుతోంది. వచ్చిన నొప్పి గంటల తరబడి ఉండి, వచ్చినట్టే తగ్గిపోతోంది. గ్యాస్ మాత్రలకు ఏమాత్రం లొంగలేదు. అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో పిత్తాశయం నిండా చిన్న చిన్న రాళ్లు ఉన్నాయనీ, వాటిలో పెద్దది 9 మిల్లీమీటర్లనీ, పిత్తనాళం మామూలు వెడల్పులోనే ఉందనీ రాశారు. సర్జన్ పిత్తాశయాన్ని మొత్తంగా తీసేయాలని చెప్పారు. రాళ్లను మాత్రం తీసి అవయవాన్ని ఉంచడం కుదరదా? మందులతో కరగవా? వాయిదా వేస్తే ఏమవుతుంది? తీసేశాక జీవితాంతం పథ్యం తప్పదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తూర్పుగాలి:
నీలికలువ గారూ, ఆపరేషన్ థియేటర్ నర్సుగా చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని. మీ ప్రశ్నలలో మొదటిదానికి జవాబు తెలిస్తే మిగిలినవి సులువుగా అర్థమవుతాయి కనుక దానితోనే మొదలుపెడతాను.

కాలేయం రోజుకు సుమారు 500 నుంచి 1000 మిల్లీలీటర్ల పైత్యరసాన్ని తయారుచేస్తుంది. దానిలో కొంత భాగాన్ని పిత్తాశయం దాచిపెట్టి, అందులోని నీటిని పీల్చి, చిక్కబరుస్తుంది. కొవ్వు ఉన్న ఆహారం చిన్నపేగులోకి చేరగానే కోలిసిస్టోకైనిన్ అనే హార్మోను విడుదలై పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేస్తుంది; అప్పుడు రసం నాళం గుండా పేగులోకి వస్తుంది. పైత్యరసంలో కొలెస్టరాల్ కరిగే మోతాదును మించినా, పిత్తాశయం సరిగా ముడుచుకోక రసం నిలవ ఉండిపోయినా, స్ఫటికాలు ఏర్పడి క్రమంగా రాళ్లుగా పెరుగుతాయి. అంటే రాయి ఆ సంచిలో ఎక్కడినుంచో వచ్చి పడినది కాదు, అక్కడి పరిస్థితులలో పుట్టినది. రాళ్లను మాత్రం తీసి సంచిని ఉంచితే అవే పరిస్థితులు మళ్లీ రాళ్లను పుట్టిస్తాయి. 1882లో బెర్లిన్‌లో మొట్టమొదటిసారి పిత్తాశయాన్ని తొలగించిన కార్ల్ లాంగెన్‌బుక్ వాదన కూడా ఇదే.

మూత్రపిండాల రాళ్లను బయటినుంచి తరంగాలతో పగలగొడుతున్నారు కదా, ఇక్కడ ఎందుకు చేయరని చాలామంది అడుగుతారు. పగిలిన ముక్కలు మూత్రంతో పాటు బయటికి పోతాయి. పిత్తాశయంలో పగిలిన ముక్కలు సన్నని పిత్తనాళంలోకి జారాలి, అక్కడ ఇరుక్కుంటే అసలు రాయికన్నా పెద్ద ప్రమాదం. రాళ్లు మళ్లీ ఏర్పడడం ఎటూ ఉంది. అందువల్ల ఆ పద్ధతిని దాదాపుగా వదిలేశారు.

మందుల సంగతికి వస్తే, అర్సోడీఆక్సీకోలిక్ ఆమ్లం అనే మాత్ర ఉంది. అది చిన్నవైన, సున్నం పట్టని కొలెస్టరాల్ రాళ్ల మీదనే, అదీ పిత్తాశయం చక్కగా ముడుచుకుంటున్నప్పుడే పనిచేస్తుంది. నెలల తరబడి, ఒక్కోసారి రెండేళ్ల వరకు వాడాలి; కరిగినా అయిదేళ్లలో సగం మందికి రాళ్లు తిరిగి వస్తాయి. మత్తుమందు ఇవ్వలేనంత అనారోగ్యం ఉన్నవారికి ఇది ఒక దారి. మీకు ఇది సరిపోతుందని నేను అనుకోను.

మౌనవీణ:
నా అనుభవం వేరు. వేరే కారణంతో చేసిన స్కానింగ్‌లో నాకూ రాళ్లు కనబడ్డాయి. ఏళ్లు గడిచాయి, ఒక్కసారి కూడా నొప్పి రాలేదు. అప్పట్లో ఒకచోట "వెంటనే తీయించుకోండి, లేకపోతే పగిలిపోతుంది" అని భయపెట్టారు. మరొక వైద్యుడు రాళ్లు ఉన్నాయన్న కారణం ఒక్కటే చాలదని, లక్షణాలు ఉంటేనే ఆలోచించాలని చెప్పారు. స్కానింగ్ నివేదికకు కాక మనిషికి వైద్యం చేయాలన్నది నా అభిప్రాయం. ఈ వేదికలో కొందరు రాయి అన్న మాట వినగానే ఆపరేషన్ అంటున్నారు, అది సరికాదు.

తూర్పుగాలి:
మౌనవీణ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. లక్షణాలు లేని రాళ్లున్నవారిలో ఏడాదికి నూటికి ఒకరి నుంచి నలుగురికి మాత్రమే నొప్పి మొదలవుతుంది. అత్యధికులు జీవితమంతా ఏ బాధా లేకుండా గడిపేస్తారు. వారికి ముందుజాగ్రత్తగా ఆపరేషన్ చేయడం సాధారణంగా సిఫార్సు చేయరు. పిత్తాశయం గోడకు సున్నం పట్టినా, రాళ్లతో పాటు 10 మిల్లీమీటర్లు మించిన పాలిప్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) ఉన్నా, ఎర్ర రక్తకణాలు త్వరగా నశించే కొన్ని రక్తవ్యాధులు ఉన్నా సలహా మారవచ్చు.

అయితే నీలికలువ గారి పరిస్థితి ఇది కాదు. ఒకసారి రాళ్ల నొప్పి మొదలైతే అది మళ్లీ మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ, నొప్పి వచ్చినవారికే తీవ్రమైన చిక్కులూ ఎక్కువ. పైగా చిన్న రాళ్లు నాళంలోకి సులువుగా జారతాయి. రాయి పెద్దదైతేనే ప్రమాదం, చిన్నదైతే పరవాలేదు అన్న నమ్మకం ఈ విషయంలో తలకిందులవుతుంది.

అక్షరబంధు:
ఆపరేషన్‌కు ముందు ఒక సహజ పద్ధతిని ప్రయత్నించవచ్చు. రాత్రి ఆలివ్ నూనె, నిమ్మరసం కలిపి తాగితే మరునాడు మలంలో ఆకుపచ్చని రాళ్లు పడతాయి. మా బంధువులలో ఒకరికి దోసెడు రాళ్లు పడ్డాయి. ఖర్చు లేదు, కోత లేదు.

పరీక్షనాళిక:
అక్షరబంధు గారూ, రసాయనశాస్త్రం బోధించేవాడిగా ఇక్కడ అడ్డు చెప్పక తప్పడం లేదు. మలంలో పడిన ఆ ఆకుపచ్చని ఉండలు పిత్తాశయంలోనివి కావు. తాగిన నూనెలోని కొవ్వు ఆమ్లాలు జీర్ణరసాల సమక్షంలో లవణాలతో కలిసి, పేగులోనే సబ్బు ఉండలుగా గట్టిపడతాయి. 2005లో లాన్సెట్ వైద్య పత్రికలో అలాంటి ఉండలను పరీక్షించిన వివరాలు వచ్చాయి: వాటిలో కొలెస్టరాల్ గానీ, పైత్యరసానికి రంగునిచ్చే బిలిరుబిన్ గానీ, కాల్షియం గానీ లేవు, 40 డిగ్రీల వేడికే కరిగి నూనెలా మారాయి. నూనె తాగినవారు స్కానింగ్ చేయించుకుంటే రాళ్లు ఉన్నచోటనే ఉంటాయి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఒక్కసారిగా అంత కొవ్వు పడితే పిత్తాశయం బలంగా ముడుచుకుంటుంది. చిన్న రాళ్లున్నవారికి సరిగ్గా అప్పుడే ఒకటి నాళంలోకి జారే అవకాశం ఉంది.

మునిమాపు:
రాయి జారడం ఎలా ఉంటుందో నేను చెప్పగలను. నొప్పి పొట్ట మధ్యలో మొదలై నేరుగా వీపులోకి దూసుకుపోయింది, వాంతులు ఆగలేదు, ముందుకు వంగి కూర్చుంటే తప్ప ఊపిరి ఆడలేదు. రాయి పిత్తనాళం చివర ఇరుక్కుని క్లోమానికి వాపు తెచ్చిందని తరువాత తెలిసింది. పిత్తనాళం, క్లోమనాళం దాదాపు ఒకే ద్వారం గుండా చిన్నపేగులోకి తెరుచుకుంటాయి, అందువల్ల ఒకదానిలో అడ్డు రెండోదాన్ని దెబ్బతీస్తుంది. ఆసుపత్రిలో చాలా రోజులు గడపవలసి వచ్చింది. వాపు తగ్గాక ఇంటికి పంపకుండానే పిత్తాశయాన్ని తీసేశారు. తీయకపోతే మళ్లీ అదే జరుగుతుందని వివరించారు.

వాయిదా వేసుకునేవారు కొన్ని గుర్తులను ఇంట్లోవారికి కూడా చెప్పి ఉంచాలి. నొప్పి అయిదారు గంటలు దాటినా తగ్గకపోవడం, నొప్పితో పాటు జ్వరం రావడం, చలితో వణుకు పుట్టడం, కళ్లు పసుపు పచ్చగా మారడం, మూత్రం ముదురు రంగులో, మలం తెల్లమట్టి రంగులో రావడం, ఆగని వాంతులు. వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకూడదు. జ్వరం, కామెర్లు, వణుకు మూడూ కలిస్తే నాళంలో చీము పట్టిందని అనుమానించాలి, ఆలస్యమైతే ప్రాణాంతకం.

నీలికలువ:
అందరికీ కృతజ్ఞతలు. ఆపరేషన్‌కు ఒప్పుకున్నాను. తేదీ వచ్చేవరకు ఏమి తినాలి, సర్జన్‌ను ఏమేమి అడగాలి?

తూర్పుగాలి:
కొవ్వు తగ్గించండి, కానీ పూర్తిగా మానేయకండి. కొవ్వు అసలే అందకపోతే పిత్తాశయం ముడుచుకోదు, రసం నిలవ ఉండి మరింత చిక్కబడుతుంది. బరువు తగ్గితే ఆపరేషన్ సులువవుతుందని కొందరు ఉపవాసాలు మొదలుపెడతారు. వారానికి కిలోన్నర కన్నా వేగంగా బరువు తగ్గితే రాళ్లు పెరుగుతాయి. చిన్న మోతాదులలో, వేళకు తినడమే మేలు.

రక్తం పలుచబరిచే మందులు, మధుమేహం మందులు, మూలికా మందులు సహా వాడుతున్నవన్నీ మత్తువైద్యులకు చెప్పండి. గతంలో పొట్టకు జరిగిన ఆపరేషన్లు ఉంటే తప్పక చెప్పండి, లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉండే అవకాశాన్ని బట్టి వారు ముందుగా సిద్ధపడతారు. కాలేయ పరీక్షలలో తేడా ఉంటే పిత్తనాళంలో రాయి ఉందేమోనని, ఆ నాళాలను చూపే ఒక రకం ఎంఆర్‌ఐ అయిన ఎంఆర్‌సీపీ స్కానింగ్ అవసరమా అని అడగండి. సాధారణ అల్ట్రాసౌండ్ పిత్తాశయంలోని రాళ్లను చక్కగా చూపిస్తుంది గానీ నాళంలోని వాటిని తరచూ చూడలేదు.

ఇంకొకటి. కీహోల్ పద్ధతిలో, అంటే చిన్న గాట్ల గుండా కెమెరాతో చూస్తూ మొదలుపెట్టి, లోపల వాపు ఎక్కువగా ఉండి నాళాలు స్పష్టంగా కనబడకపోతే, పొట్ట తెరిచి పూర్తిచేయవలసి రావచ్చు. సమ్మతి పత్రంలో ఆ వాక్యం చూసి కంగారు పడకండి. పిత్తాశయ నాళాన్నీ, దాని ధమనినీ ఖచ్చితంగా గుర్తుపట్టాకే దేన్నైనా కత్తిరించాలన్నది ఈ ఆపరేషన్‌కు ప్రాణం. ప్రధాన పిత్తనాళానికి గాయం కావడం వెయ్యికి ముగ్గురు నుంచి అయిదుగురిలో జరిగే అరుదైన విషయమే అయినా, జరిగితే దాన్ని సరిదిద్దడం చాలా కష్టం. దారి స్పష్టంగా లేనప్పుడు పద్ధతి మార్చుకునే సర్జన్ మంచి సర్జన్ అని నేను నమ్ముతాను.

మౌనవీణ:
గర్భిణికి ఇదే నొప్పి వస్తే ఏమి చేస్తారు? మా చెల్లెలి గురించి అడుగుతున్నాను.

తూర్పుగాలి:
గర్భధారణలో హార్మోన్ల వల్ల పైత్యరసం చిక్కబడుతుంది, పిత్తాశయం మందగిస్తుంది, కాబట్టి రాళ్లు ఏర్పడడం మామూలే. నొప్పి పదేపదే వస్తూ ఉంటే గర్భం ఉండగానే కీహోల్ ఆపరేషన్ చేయవచ్చు, మధ్య మూడు నెలలు అందుకు అనువైన కాలం. ప్రసూతి వైద్యులు, సర్జన్ కలిసి నిర్ణయించాలి.

నీలికలువ:
ఆపరేషన్ అయింది, మరునాడే ఇంటికి పంపారు. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు ఉన్నాయి, వాటి నొప్పి భరించగలిగేదే. ఆశ్చర్యంగా అంతకన్నా ఎక్కువగా కుడి భుజం పైభాగం నొప్పి పెడుతోంది. పడుకుంటే తక్కువ, లేచి కూర్చుంటే ఎక్కువ. పాత నొప్పే తిరిగి వచ్చిందా అని భయంగా ఉంది.

పరీక్షనాళిక:
ఇది రాళ్ల నొప్పి కాదు. లోపల పనిచేయడానికి చోటు కోసం పొట్టను కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు. ఆపరేషన్ చివర చాలావరకు బయటికి వదిలేసినా కొంత మిగిలి, కూర్చున్నప్పుడు పైకి చేరి ఊపిరితిత్తుల కిందనున్న పొరను రేపుతుంది. ఆ పొరకు, భుజానికి సంకేతాలు మోసే నాడులు వెన్నుపాములో ఒకేచోట చేరుతాయి కనుక మెదడు దాన్ని భుజం నొప్పిగా లెక్కగడుతుంది. శరీరం ఆ వాయువును పీల్చుకుని ఊపిరితో బయటికి పంపేస్తుంది; సాధారణంగా రెండు మూడు రోజులలో పోతుంది. ఇంట్లోనే కాసేపు కాసేపు నడవండి.

తూర్పుగాలి:
నడక భుజానికే కాదు, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా, పేగుల కదలిక తిరిగి మొదలయ్యేందుకు కూడా అవసరం. దగ్గు, తుమ్ము వచ్చేటప్పుడు పొట్టకు చిన్న దిండు అదిమి పట్టుకోండి. మంచం మీదినుంచి నేరుగా లేవకుండా పక్కకు తిరిగి, చేతుల ఆసరాతో లేవండి. నొప్పి మాత్రలు వేళకు వేసుకోండి; నొప్పి ముదిరాక వేసుకుంటే ఫలితం ఆలస్యమవుతుంది. బలమైన నొప్పి మందులు మలబద్ధకం తెస్తాయి కనుక నీళ్లు ఎక్కువగా తాగండి. గాటు చుట్టూ కాస్త కమిలిన రంగు మామూలే. గాటు ఎర్రబడి వేడెక్కి చీము కారినా, జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట నొప్పి రోజురోజుకూ తగ్గవలసింది పోయి పెరుగుతున్నా వెంటనే ఆసుపత్రికి చెప్పండి. ఆ చివరి గుర్తు చాలా ముఖ్యం, పైత్యరసం లోపల కారుతుంటే అలాగే ఉంటుంది.

చిరుజల్లు:
నాకు పొట్ట తెరిచి చేశారు. పక్కటెముకల కింద పొడవైన కోత. కీహోల్ చేయించుకున్నవారు వారం, రెండు వారాలలో పనిలోకి వెళ్లారని ఇక్కడ చదివి నాలో ఏదో లోపం ఉందని కుంగిపోయాను. తెరిచి చేసిన ఆపరేషన్ తరువాత ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టడం సహజమని ఎవరూ ముందుగా చెప్పలేదు. నవ్వినా, గట్టిగా ఊపిరి పీల్చినా నొప్పి. అయినా ఊపిరి వ్యాయామాలు చేయకపోతే ఊపిరితిత్తులలో కఫం చేరుతుందని నర్సులు పట్టుబట్టి చేయించారు. ఇతరుల గడువులతో మన కోలుకోవడాన్ని కొలవకూడదు.

నీలికలువ:
భుజం నొప్పి పూర్తిగా పోయింది. ఇప్పుడు కొత్త ఇబ్బంది. భోజనం చేసిన కాసేపటికే మరుగుదొడ్డికి పరుగెత్తవలసి వస్తోంది, విరేచనం పసుపు రంగులో నీళ్లగా అవుతోంది. బయటికి వెళ్లాలంటే భయంగా ఉంది. ఇది శాశ్వతమా?

మునిమాపు:
చాలామందికి శాశ్వతం కాదు. ఇంతకుముందు భోజనవేళ దాకా దాచి ఉంచిన రసం ఇప్పుడు పలుచగా, నిరంతరంగా పేగులోకి బొట్లుబొట్లుగా కారుతూ ఉంటుంది. పైత్య ఆమ్లాలలో అధికభాగాన్ని చిన్నపేగు చివరి భాగం తిరిగి పీల్చుకోవాలి. పీల్చుకోలేనివి పెద్దపేగులోకి చేరి నీటిని లాగుతాయి. నాకు వారాలలో సర్దుకుంది. భోజనాన్ని చిన్న భాగాలుగా చేసుకోవడం, నూనెలో వేయించినవి, మీగడ ఎక్కువగా ఉన్నవి కొద్దికాలం పక్కన పెట్టడం, నీటిలో కరిగే పీచు క్రమంగా పెంచుకోవడం నాకు ఉపకరించాయి. కాఫీ మానేయడమే అన్నిటికన్నా ఎక్కువ పనిచేసింది, అయితే అది అందరికీ వర్తించకపోవచ్చు.

తూర్పుగాలి:
నెలలు గడిచినా తగ్గనివారు "ఇక ఇంతే" అని సరిపెట్టుకోకూడదు. పైత్య ఆమ్లాల విరేచనాలకు మందు ఉంది: కొలెస్టిరమిన్ అనే పొడి పేగులో ఆ ఆమ్లాలను పట్టి ఉంచుతుంది. అది ఇతర మందులనూ పట్టేస్తుంది కనుక వాటిని దానికి గంట ముందు గానీ, నాలుగు నుంచి ఆరు గంటల తరువాత గానీ వేసుకోవాలి. రాత్రి నిద్రలేపే విరేచనాలు, రక్తం పడటం, బరువు తగ్గడం ఉంటే మాత్రం కారణాన్ని పిత్తాశయం మీదికి నెట్టేయకుండా వేరే పరీక్షలు చేయించాలి.

పథ్యం గురించి మీరు మొదట్లో అడిగారు. ప్రత్యేకమైన జీవితకాల పథ్యం ఏదీ లేదు. కాలేయం రసాన్ని తయారుచేస్తూనే ఉంటుంది, కొవ్వు అరుగుతూనే ఉంటుంది, విటమిన్ల లోపం కూడా సాధారణంగా రాదు. ఒక్కో కొత్త పదార్థాన్ని విడివిడిగా తిరిగి మొదలుపెట్టి, పడనిది ఏదో మీరే గుర్తించండి.

అక్షరబంధు:
పరీక్షనాళిక గారి వివరణ చదివాక మా బంధువు మళ్లీ స్కానింగ్ చేయించుకున్నారు. రాళ్లు అలాగే ఉన్నాయి. సర్జన్‌ను కలవబోతున్నారు. ఆపరేషన్ తరువాత బరువులు ఎప్పుడు ఎత్తవచ్చు? ఆయనది శారీరక శ్రమతో కూడిన పని.

తూర్పుగాలి:
కీహోల్ అయితే కూర్చుని చేసే పనికి వారం, రెండు వారాలు చాలు. బరువులు ఎత్తే పనికి నాలుగు నుంచి ఆరు వారాలు ఆగమని ఎక్కువమంది సర్జన్లు చెబుతారు. పైచర్మం ముందుగానే అతుక్కుంటుంది గానీ బొడ్డు దగ్గరి గాటు కింద కండరపు పొర బలపడటానికి సమయం కావాలి. తొందరపడితే అక్కడ హెర్నియా ఏర్పడవచ్చు. వాహనం నడపడం బలమైన నొప్పి మందులు మానేశాక, హఠాత్తుగా బ్రేకు తొక్కినా నొప్పి లేదనుకున్నాకే.

చిరుజల్లు:
పిత్తాశయం తీసేసిన చాలా నెలల తరువాత నాకు సరిగ్గా పాత నొప్పే ఒకసారి వచ్చింది. అవయవమే లేనప్పుడు రాయి ఎక్కడిదని ఇంట్లోవారు కొట్టిపారేశారు. ఇలా ఇంకెవరికైనా జరిగిందా?

మునిమాపు:
జరుగుతుంది. ఆపరేషన్‌కు ముందే నాళంలోకి జారిన రాయి అక్కడే ఉండిపోవచ్చు, అరుదుగా నాళంలోనే కొత్తగా ఏర్పడవచ్చు. నొప్పి వచ్చిన వెంటనే కాలేయ పరీక్షలు చేయిస్తే వాటిలో పెరుగుదల దొరికే అవకాశం ఉంది, నొప్పి తగ్గాక చేయిస్తే అన్నీ మామూలుగా కనబడవచ్చు. ఎంఆర్‌సీపీలో రాయి కనబడితే ఈఆర్‌సీపీ ద్వారా, అంటే నోటి గుండా గొట్టం పంపి, కోత లేకుండా తీస్తారు. ఆ ప్రక్రియ వల్ల కూడా క్లోమానికి వాపు రావచ్చు కనుక ఊరికే చేయరు, ముందు నిర్ధారించుకుంటారు. రాయి లేకపోతే జీర్ణాశయ పుండు వంటి ఇతర కారణాలు వెతకాలి. కొందరిలో మొదటినుంచీ నొప్పికి కారణం అదే అయి ఉంటుంది.

చిరుజల్లు:
రేపే పరీక్షలకు వెళ్తున్నాను. ఆపరేషన్‌లో నాళానికి పెట్టిన లోహపు క్లిప్పుల వల్ల ఎంఆర్‌ఐ చేయరేమో అన్న అనుమానం ఒకటి ఉంది.

తూర్పుగాలి:
ఈ ఆపరేషన్‌లో ఎక్కువగా వాడేవి టైటానియం క్లిప్పులు, అయస్కాంతం వాటిని లాగదు. అయినా స్కానింగ్ గదిలో తప్పక చెప్పండి, మీ ఆపరేషన్ నివేదికను వెంట తీసుకువెళ్లండి. తీసిన పిత్తాశయాన్ని సూక్ష్మదర్శినితో పరీక్షించిన నివేదిక కూడా మీ దగ్గర ఉండాలి, లేకపోతే అడిగి తెచ్చుకోండి. నీలికలువ గారూ, ఇది మీకూ వర్తిస్తుంది. చాలామంది గాట్లు మానగానే ఆ కాగితం సంగతే మరచిపోతారు.

నీలికలువ:
అడిగాను. దీర్ఘకాలిక వాపు తప్ప మరే దోషమూ లేదని వచ్చింది. విరేచనాలు ఇప్పుడు ఎక్కువ నూనె పడిన రోజున మాత్రమే అవుతున్నాయి. చిరుజల్లు గారూ, మీ పరీక్షల ఫలితం ఇక్కడే రాయండి, చూస్తుంటాను.